పసిపిల్లల మెదడుపై మత్తుమందు ప్రభావం

ఆధునిక వైద్యశాస్త్రం మానవాళికి ప్రసాదించిన వరాలలో మత్తుమందు ముఖ్యమైనది. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ రోగిచేత ఈథర్ పీల్పించి, బాధ తెలియకుండా శస్త్రచికిత్స సాధ్యమని లోకానికి చాటాడు. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆనాటి నుండి “ఈ మందు క్షేమకరమేనా?” అనే ప్రశ్న వైద్యులను వెన్నాడుతూనే ఉన్నది.

ఈ ప్రశ్నతో మన హైదరాబాదుకు చిరకాల సంబంధం ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పోషణలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫారం విచారణ సంఘాలు ఇక్కడ పనిచేశాయి. అనేక జంతువులపై ప్రయోగాలు జరిపి, క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదనీ, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలుననీ ఆ సంఘాలు నిర్ణయించాయి. కాని స్వల్ప మోతాదులో సైతం ఆ మందు గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. ప్రయోగం ఏ పరిస్థితిలో జరిగినదో చూడక, దాని ఫలితాన్ని అన్నింటికీ వర్తింపజేయరాదన్నది ఇందలి పాఠం.

నేటి ప్రశ్న ప్రాణభయానికి సంబంధించినది మాత్రమే కాదు. శిశువు జన్మించినప్పుడు దాని మెదడు బరువు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవ వంతు. తొలి సంవత్సరాలలో నాడీకణాల మధ్య లెక్కకు మిక్కిలిగా సంబంధాలు ఏర్పడతాయి. ఏ కణం నిలవాలో, ఏది నశించాలో నిర్ణయించడంలో వాటి మధ్య నడిచే సంకేతాలకు పాత్ర ఉన్నది. మత్తుమందులు పనిచేసేది ఆ సంకేతాలను అణచడం ద్వారానే. 2003లో అమెరికా శాస్త్రజ్ఞులు ఏడు రోజుల ఎలుకపిల్లలకు ఆరు గంటలపాటు మత్తుమందుల మిశ్రమాన్ని ఇవ్వగా, మెదడులో అనేక కణాలు నశించాయి. అవి పెద్దవైన పిదప నేర్చుకొనే శక్తిలోనూ లోపం కనిపించింది.

ఈ ఫలితం తల్లిదండ్రులను కలవరపరచడం సహజమే. అయితే ఎలుక మెదడు ఎదుగుదల కొద్ది వారాలలో ముగుస్తుంది. మానవ శిశువుకు అది సంవత్సరాల పని. కనుక శిశువులనే పరిశీలించవలసి వచ్చింది. ఏడు దేశాలలో హెర్నియా శస్త్రచికిత్స అవసరమైన 722 మంది శిశువులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి పూర్తి మత్తు, రెండవ వర్గానికి మెలకువలోనే నడుము క్రింది భాగం మొద్దుబారే ఇంజక్షను ఇచ్చారు. పూర్తి మత్తు సాధారణంగా గంటలోపే ఉన్నది. అయిదేళ్ళ వయస్సులో పరీక్షించగా రెండు వర్గాల సగటు ప్రజ్ఞాలబ్ధి దాదాపు 99గానే తేలింది. ఈ ఫలితం 2019లో వెలువడింది.

పలుమార్లు మత్తు పొందిన పిల్లల విషయం కొంత భిన్నం. 2018లో అమెరికాలోని మేయో క్లినిక్ వారు ప్రకటించిన పరిశోధనలో అట్టివారి ప్రజ్ఞాలబ్ధి తగ్గలేదు గాని, పని వేగంలోను, చేతివ్రేళ్ళ నేర్పులోను స్వల్ప లోపం కనిపించింది. అది మత్తు వలననా, పలుమార్లు శస్త్రచికిత్సకు గురిచేసిన వ్యాధి వలననా అన్నది విడదీయడం కష్టం. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పలుమార్లు గాని మత్తు ఇచ్చేటప్పుడు జాగ్రత్త వహించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే హెచ్చరించింది.

అట్లని భయపడి అవసరమైన చికిత్సను వాయిదా వేయడం మరింత ప్రమాదం. పుట్టుకతో వచ్చిన కంటిశుక్లాన్ని సకాలంలో తొలగించకుంటే, చూడటం నేర్చుకోవలసిన మెదడు ఆ అవకాశాన్నే కోల్పోతుంది. శిశువులకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు భావించేవారు. కాని శస్త్రచికిత్సలో తగినంత నొప్పినివారణ లభించని నెలతక్కువ శిశువులకే ఉపద్రవాలు అధికమని 1987లో బ్రిటనులో వెల్లడైంది.

కావున తల్లిదండ్రులు వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఈ చికిత్స కొంతకాలం ఆగగలదా? రెండు మూడు చికిత్సలను ఒకే మత్తులో ముగించగలరా? ఆగరాని చికిత్స అయితే సంకోచింపరాదు. భయాన్ని గాని, ధీమాను గాని పరీక్షించకుండా అంగీకరించకపోవడమే విద్యార్థులమైన మనకు విజ్ఞానశాస్త్రం నేర్పే వివేకం.