మోకాలు ‘టప్’ మన్నాక

పోయిన సెమిస్టర్లో హాస్టల్ గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూ, పట్టుకోబోయిన వాడి నుంచి తప్పించుకుందామని ఒక్కసారిగా వెనక్కి తిరిగాను. పాదం మట్టిలో ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. ఎవరూ తగల్లేదు. మోకాల్లో ‘టప్’ మంది, సాయంత్రానికి బాగా వాచింది.

అమ్మమ్మ ఫోన్‌లో పుత్తూరు కట్టు వేయించుకోమంది. అది ఎముక విరిగితే. నాకు తెగింది ఏసీఎల్. తొడ ఎముకనీ దాని కింది ఎముకనీ మోకాలి లోపల కలిపి ఉంచే గట్టి తాడులాంటిది. కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపడం దాని పని.

విచిత్రం ఏంటంటే, అది లేకపోయినా తిన్నగా నడవొచ్చు. నేను మోసపోయింది అక్కడే. మూడు వారాల్లో వాపు తగ్గింది, బాగైపోయిందనుకుని మళ్ళీ ఆటకి దిగాను. రెండో మలుపుకే మోకాలు జారింది. ఎమ్మారై తీస్తే మెనిస్కస్, అంటే ఎముకల మధ్య కుషన్‌లా ఉండేది, అదీ కొంచెం చిరిగిందని తేలింది. మొదటిది దురదృష్టం అనుకుందాం, రెండోది పూర్తిగా నా నిర్వాకమే.

తర్వాత ఇంట్లో పంచాయితీ: ఆపరేషనా, వద్దా? నాన్న అప్పటికే డబ్బులు సర్దుతున్నారు. వెతుకుతుంటే స్వీడన్‌లో చేసిన ఒక పరిశోధన దొరికింది, 2010లో వచ్చింది. ఏసీఎల్ తెగిన 121 మంది యువతీయువకుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి త్వరగా ఆపరేషన్, దాంతోపాటు వ్యాయామం. రెండో గుంపుకి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్ళ తర్వాత రెండు గుంపుల మోకాళ్ళూ దాదాపు ఒకేలా ఉన్నాయి. రెండో గుంపులో ఉన్న 59 మందిలో 23 మందే ఆపరేషన్ దాకా వెళ్ళారు. అలాగని ఎవరికీ వద్దని కాదు. ప్రొఫెషనల్ ఆటగాళ్ళని అందులో తీసుకోలేదు. మోకాలు లాక్ అయిపోతున్నా, ఎంత వ్యాయామం చేసినా జారుతూనే ఉన్నా లెక్క మారుతుంది.

కానీ చూడండి, రెండు గుంపుల్లోనూ వ్యాయామం ఉంది. ఆపరేషన్‌లో మన ఒంట్లోంచే ఒక టెండన్ తీసి కొత్త తాడు వేస్తారు. కండరాన్ని మాత్రం వేయలేరు. హార్డ్‌వేర్ మార్చి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయకపోతే ఎలాగో అలా. మోకాలు వాస్తే తొడ ముందు కండరం సరిగా పనిచేయదు, చూస్తుండగానే సన్నబడిపోతుంది.

నాకు డాక్టర్ మూడు నెలలు ఫిజియోథెరపీ చేసి చూద్దామన్నారు. మొదటి పని వింటే నవ్వొచ్చింది: మడమ కింద టవల్ చుట్టి పెట్టి, మోకాలు పూర్తిగా చాపడం. అది రాకపోతే కుంటుతూనే ఉంటామట. మొదట్లో నాకు రాలేదు. తర్వాత కాలు వంచకుండా పైకెత్తడం, గోడకి ఆనుకుని కొద్దిగా కిందికి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. దూకడం ఎప్పుడో చివర్లో. (హాస్టల్లో ఇండియన్ టాయిలెట్ సంగతి మాత్రం నా ఫిజియో షీట్‌లో రాయలేదు. మా ఫ్లోర్‌లో వెస్టర్న్ ఒక్కటే. ఆ క్యూలో బోలెడు మంది ఫ్రెండ్స్ అయ్యారు.)

మళ్ళీ ఆడాలంటే నొప్పి లేకపోతే చాలదు. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలంటారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని కనీసం 9 నెలలు ఆగమంటారు. పోయిన వారం కొలిస్తే నాది 78 వచ్చింది. కెప్టెన్ టీమ్ లిస్ట్ రాస్తుంటే, నా పేరు స్కోరర్ దగ్గర రాయమన్నాను.