ఇల్లు తాళం వేసి పోతున్నారా? తక్కువ ఖర్చుతో కెమెరా మీరే పెట్టుకోండి
(కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్ల లబ్ధిదారుల కోసం)

కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీని 2023 జూన్ 22న ప్రారంభించారు. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. హైదరాబాద్ బస్తీల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక కొత్త ఇబ్బంది ఉంది. బస్తీలో తలుపు తీసే ఉన్నా పక్కింటి పెద్దమ్మ ఒక కన్నేసి ఉంచేది. ఇక్కడ ఎనిమిదో అంతస్తులో తాళం వేసి డ్యూటీకి పోతే, ఎదురింటివాళ్ల పేరు కూడా చాలామందికి తెలియదు. అందుకే "కెమెరా పెట్టుకోవచ్చా? ఎంతవుతుంది? ఎవరిని పిలవాలి?" అని అడుగుతున్నారు.

పెట్టుకోవచ్చు. ఎవరినీ పిలవక్కర్లేదు. కెమెరా, మెమరీ కార్డు కలిపి దాదాపు రెండు మూడు వేలల్లో పని అయిపోతుంది. కానీ ముందు తలుపు సంగతి చూడండి. తాళం, గొళ్లెం వదులుగా ఉంటే కెమెరా దొంగను చూపిస్తుందే తప్ప ఆపదు.

ఎక్కడ పెట్టాలి?

చాలామంది తలుపు బయట, వరండాలో బిగిస్తారు. మా సలహా వేరు. హాల్లోనే, సజ్జ మీదనో అల్మరా మీదనో, మెయిన్ డోర్ వైపు చూసేటట్టు పెట్టండి. గోడకు రంధ్రం కొట్టే పని లేదు, ప్లగ్గు దగ్గరే ఉంటుంది, కెమెరాను పీక్కుపోవడం అంత సులువు కాదు. లోపలికి వచ్చిన మనిషి ముఖం ఎదురుగా పడుతుంది. బయట పెడితే మాత్రం మీ తలుపుతో పాటు ఎదురింటి తలుపు కూడా రోజంతా రికార్డు అవుతుంది. వాళ్లింటికి ఎవరొచ్చారు, ఆడపిల్ల ఎన్ని గంటలకు వచ్చింది అన్నీ మీ ఫోన్లో ఉంటాయి. కొట్లాటకు అంతకంటే కారణం అక్కర్లేదు.

వరండా, లిఫ్టు, మెట్లు అందరివి. అక్కడ కెమెరా కావాలంటే బ్లాకు కమిటీలో మాట్లాడుకొని అందరూ కలిసి పెట్టుకోవాలి. తెలంగాణ పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం ఇట్లాంటి వాటికే. స్థానిక పోలీస్ స్టేషన్‌లో అడగండి.

కొనేటప్పుడు

2 మెగాపిక్సెల్ వైఫై కెమెరా ఒకటి చాలు. మనుషుల సంఖ్య, ముఖ గుర్తింపు అని దుకాణంవాళ్లు చెప్పే వాటికి ఎక్కువ డబ్బు పెట్టకండి. పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. బయటివాళ్లు చొరబడకుండా సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు ఉండాలన్న కేంద్ర నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. బిల్లు తప్పకుండా తీసుకోండి.

కార్డు లెక్క ఇట్లా ఉంటుంది. కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున ఆపకుండా రికార్డు చేస్తే రోజుకు దాదాపు 11 జీబీ. అంటే 64 జీబీ కార్డు అయిదు రోజులకే నిండి, పాతది చెరిపేసుకుంటూ పోతుంది. వారం రోజులు ఊరికి పోయేవాళ్లు 128 జీబీ తీసుకోండి, లేకపోతే ‘కదలిక ఉన్నప్పుడే రికార్డు’ అనేది ఎంచుకోండి.

బిగించడం

కెమెరాకు కరెంటు ఇచ్చి, దాని యాప్ ఫోన్లో దించుకొని, చెప్పినట్టు క్యూఆర్ కోడ్ చూపించండి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కారణం ఒక్కటే. చౌక కెమెరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌ని పట్టుకోవు. రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే 5 అని లేనిదాన్ని ఎంచుకోండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపించొద్దు. మీరు ఫోన్ తీసుకొని బయటికి పోగానే నెట్ కూడా మీతోనే పోతుంది. నెట్ లేకపోయినా కార్డులో రికార్డు అయ్యే కెమెరాలు ఉన్నాయి కానీ, ఫోన్‌కు అలర్టు రాదు.

కార్డును యాప్‌లోనే ఫార్మాట్ చేయండి. తేదీ, టైము సరి చూడండి. కిటికీ వెలుతురు నేరుగా కెమెరా మీద పడితే మనిషి నల్లగా నీడలాగ కనిపిస్తాడు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, మీరే బయటికి వెళ్లి తలుపు తీసుకొని లోపలికి రండి. ముఖం గుర్తుపట్టేటట్టు ఉందా? పక్క గోడ మరీ దగ్గరగా ఉంటే దాని మీద వెలుగు పడి అంతా తెల్లబారుతుంది, కెమెరాను కొద్దిగా జరపండి.

పాస్‌వర్డ్

ఈ ముక్క వదిలేసి మిగతావన్నీ చేసినా లాభం లేదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. బలహీనమైన పాస్‌వర్డ్ పట్టుకొని లోపలికి దూరారు. ‘అడ్మిన్’, ‘12345’, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఏవీ వద్దు. రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. బిగించడానికి ఎవరినైనా పిలిచి ఉంటే, ఆయన పోయాక మళ్లీ మార్చండి. యాప్‌లో ‘అప్‌డేట్’ అని వస్తే చేసుకోండి.

ఎవరి ఫోన్లో ఉండాలి?

ఈ పథకంలో ఇల్లు ఇల్లాలి పేరు మీద ఇస్తారు. కెమెరా యాప్ కూడా ఆమె ఫోన్లో ఉండాలని మా మాట. భర్త పటాన్‌చెరులో షిఫ్టులో కూర్చొని, ఇంట్లో భార్య ఏం చేస్తోందో గంట గంటకు చూడటం భద్రత కిందికి రాదు. అక్కా, మీకు చెప్పకుండా ఇంట్లో కెమెరా పెడితే, తీసేయమని అడిగే హక్కు మీకుంది. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల తగాదాలో, కలిసి ఉండేవాళ్ల ఒప్పుదల లేకుండా ఇంటి లోపల కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. అందులో జోక్యానికి సుప్రీం కోర్టు కూడా ఒప్పుకోలేదు. స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు రహస్యంగా తీస్తే అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుశిక్ష పడే నేరం.

కాబట్టి ఇంట్లో మనుషులున్నప్పుడు ప్లగ్గు తీసేయండి. తాళం వేసేటప్పుడు పెట్టండి. గ్యాస్ కట్టేశామా అని చూసుకున్నట్టే ఇదీ అలవాటవుతుంది.

దొంగతనం జరిగితే

ముందు 100కు ఫోన్ చేయండి. వస్తువులు ముట్టుకోకండి. తలుపు గొళ్లెం మీద వేలిముద్రలు ఉండొచ్చు. కెమెరా మళ్లీ రికార్డు చేసి పాతది చెరిపేయకముందే ప్లగ్గు తీసి, కార్డు బయటికి తీసి, ఒక కవర్లో పెట్టి పోలీసులకు ఇవ్వండి. ఇచ్చినట్టు రశీదు అడగండి. కెమెరాలో టైము తప్పుగా ఉంటే, ఎంత తేడా ఉందో వాళ్లకు చెప్పండి. వీడియోను గ్రూపుల్లో తిప్పొద్దు. దొంగ ముందే జాగ్రత్త పడతాడు, ఆ దారిన పోయిన అమాయకుడు దొంగ అనిపించుకుంటాడు.

ఇంకొకటి. "డబుల్ బెడ్‌రూం ఇళ్లకు ఉచిత కెమెరా, రిజిస్ట్రేషన్‌కు 500 పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు పంపొద్దు, ఓటీపీ చెప్పొద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.