గొఱ్ఱె పిల్లలకు మామిడి తొక్క మేత

చిత్తూరు ప్రాంతమున జూన్, జూలై నెలలలో తోతాపురి మామిడి గుజ్జు తీయు ఫ్యాక్టరీల వద్ద తొక్కలు గుట్టలుగా పడును. మీ మంద దగ్గరలో నున్నచో, పిల్లల దాణాలో మొక్కజొన్నకు బదులు కొంతవరకు ఈ తొక్కను వాడుకొనవచ్చును. ఇందలి చక్కెర వాటికి మంచి శక్తి నిచ్చును.

అయితే లెక్క తప్పరాదు. పచ్చి తొక్కలో నూటికి సుమారు 80 పాళ్లు నీరే. 100 గ్రాముల మొక్కజొన్నకు బదులు దాదాపు అర కిలో తొక్క కావలెను. దూరము నుండి తెచ్చుట యనగా నీటికి బాడుగ కట్టుటయే! మాంసకృత్తులు మొక్కజొన్నలో కంటె తక్కువ గనుక వేరుశనగ చెక్కను తగ్గించరాదు, కొంచెము పెంచవలెను.

అసలు ప్రమాదము వేరొకటి గలదు. పిల్లలు తీపికి ఎగబడి తినును. అలవాటు లేక ఒక్కసారిగా కడుపునిండ తిన్నచో పొట్టలో ఆమ్లము పెరిగి, నెమరు ఆగి, పారుడు పట్టి, ఒకటి రెండు దినములలో చనిపోవచ్చును. గింజలు అధికముగా తిన్నను ఇదే జరుగును. కావున మూడు నెలలు నిండి గడ్డి బాగుగా మేయు పిల్లలకు మాత్రమే, ముందు ఎండుమేత వేసి, రోజుకు 100 గ్రాములతో ఆరంభించి, 10–12 రోజులలో అర కిలో వరకు పెంచవలెను. మేత మాని మూలనున్న పిల్లకు తొక్క ఆపి, వెంటనే పశువైద్యునకు చూపవలెను.

తొక్క మరునాటికే పులియును. బూజు పట్టినది పెంటకుప్పకే గాని పిల్లలకు పనికిరాదు. నిలువ చేయుటకు 4 పాళ్లు తొక్కకు 1 పాలు నరికిన వరిగడ్డి కలిపి, గుంటలో గాలి చొరకుండ త్రొక్కి పాతర వేయవలెను. సుమారు ఆరు వారములకు సిద్ధమగును. టెంకలు గొంతున అడ్డుపడును గనుక ముందే ఏరివేయవలెను.