జమాబందీ బల్ల దగ్గర తెలిసిన సామ్రాజ్యం

రాజుల తేదీలు బళ్లో బట్టీ పట్టాం. సామ్రాజ్యమంటే ఏమిటో మాత్రం రెవెన్యూ కొలువులో చేరి, జమాబందీ (ఊరి శిస్తు లెక్కల తనిఖీ) బల్ల దగ్గర పాత రికార్డులు తిరగేశాకే బోధపడింది. మనవలు అడుగుతున్నారని రాసిపెడుతున్నాను.

1. పెద్ద రాజ్యాలన్నీ సామ్రాజ్యాలు కావు. ఒక్కో జనాన్ని ఒక్కో పద్ధతిలో ఏలేది సామ్రాజ్యం. పారశీక చక్రవర్తి డేరియస్ బెహిస్తూన్ కొండ మీద తన గెలుపును వేర్వేరు జనాల మూడు భాషల్లో చెక్కించాడు. ఇంగ్లీషువాళ్లూ అంతే. సర్కారు జిల్లాల్లో జమీందార్లు, దత్తమండలాల్లో రైతువారీ, హైదరాబాదులో నిజాం గద్దె పక్కన రెసిడెంటు.

2. అన్నీ ఫిరంగులతో గెలిచినవే అనుకోకండి. దత్తమండలాలైన బళ్లారి, కడప సీమల్ని ఈస్టిండియా కంపెనీ 1800లో, నిజాం కాపలాకు పెట్టిన పటాలాల ఖర్చు కింద రాయించుకుంది.

3. ఏ చక్రవర్తీ ఊరి లెక్క తానే రాసుకోలేడు. దత్తమండలాల కలెక్టరు మన్రో అంతటివాడికీ కరణాలే దిక్కు.

4. సామ్రాజ్యం మేలు చేసిందా, కీడు చేసిందా అంటే కరువు ఏడాది చూడమంటాను. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా చాటాడు. అదే నెలలో మద్రాసు రాజధానికి కరువు పనుల తనిఖీకి సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చాడు. మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అరకిలో కూడా లేదు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. కొన్ని నెలలకు గానీ పెంచలేదు. కడప, గుత్తి మీదుగా అప్పటికే రైలు నడుస్తోంది. గింజలు వచ్చినా ధర అందలేదు. గోదావరి ఆనకట్ట కట్టింది కూడా వాళ్లే కదా అంటారు. నిజమే, కాటన్‌కు నేనూ దణ్ణం పెడతాను. ఆ నీటి మీద వచ్చిన శిస్తు ఎటు పోయిందో కూడా అడుగుతాను.

5. దొరలు వెళ్లినా వాళ్ల రికార్డు పోలేదు. ఆ కాలపు రీసెటిల్మెంటు రిజిస్టరు(ఆర్.ఎస్.ఆర్.)లో కొన్ని సర్వే నంబర్లకు పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. తాతల నాటి నుంచీ దున్నుకుంటున్న భూమైనా అమ్మబోతే రిజిస్ట్రేషను అయ్యేది కాదు. ఈ చుక్కల భూముల కోసం ఆంధ్రప్రదేశ్ 2017లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ చట్టం కింద, పన్నెండేళ్లుగా భూమి తన స్వాధీనంలో ఉందని రైతే రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. శిస్తు రసీదులు దాచుకున్నవాళ్లకు కాస్త నయమైంది.