తడయుటయా, తాళుటయా? – ‘ట్యారీ’ క్రియ అర్థవిచారము

ఆంగ్లమున ‘ట్యారీ’ యను క్రియ నేటి వాడుకలో అరుదు. పూర్వగ్రంథములను చదువువారికిని, తెనిగించువారికిని మాత్రము ఇది తరచుగా ఎదురగును. ‘ఆలస్యము చేయుట’ యను ఒక్క అర్థమునే గ్రహించినచో భావము చెడును.

దీని అర్థములు ప్రధానముగా మూడు. మొదటిది జాగు చేయుట. ఇందు దోషసూచన కలదు. తెలుగున ‘తడయు’ దీనికి సరిపోవును. రెండవది ఒకచోట నిలిచియుండుట, బసచేయుట. మూడవది ఒకరికొరకు వేచియుండుట. ఇందు దోషము లేదు, ఓర్పు కలదు. సంస్కృతమున విలంబము వేరు, ప్రతీక్ష వేరు. ఆంగ్లక్రియ రెండింటిని తనయందే ఇముడ్చుకొన్నది.

1611 నాటి ఆంగ్ల బైబిలు ఇందుకు నిదర్శనము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, భోజనమునకు కూడినవారు ఒకరికొరకొకరు ఆగవలెనని చెప్పుచోట ఈ క్రియయే కలదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో, రానున్నవాడు జాగు చేయడనుచోటను ఇదియే. గ్రీకు మూలమున ఆ రెండు క్రియలును వేరు. మొదటిచోట ‘తడయుడు’ అని తెనిగించినచో మర్యాద సోమరితనమగును.

షేక్స్పియరు ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాలుగవ అంకమున, ఆంటోనియో మాంసమును కోయనున్న షైలాకును పోర్షియా ఈ క్రియతోనే ఆపును. అచ్చట ‘ఆలస్యము చేయుము’ అన్న తగదు, ‘తాళుము’ అనవలెను. ఒక ప్రాణము ఆ మాటపై ఆధారపడియున్నది.

తారు పూసినదను విశేషణమునకును అక్షరములు ఇవియే. దాని ఉచ్చారణ మాత్రము ‘టారీ’.

కావున ఎవరు, ఎచ్చట, ఎవరికొరకు ఆగిరని విచారించిన పిదపనే అనువాదకుడు తెలుగుమాటను ఎన్నుకొనవలెను.