ముందు లెక్క, తర్వాతే మెకానిక్

చి. శ్రీకాంత్‌కు,

లీటరుకు ఇరవై ఇస్తుందని నమ్మి కొన్న పాత కారు పదమూడే ఇస్తోందని, కామారెడ్డిలో ఎవరో ఇంజన్ విప్పి చూడాలన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇప్పుడే విప్పనీయకు. విప్పిన ఇంజన్ మళ్లీ కంపెనీ బిగించినట్టు కూర్చోవడం అంత సులువు కాదు.

ముందు ఆ పదమూడు ఎక్కడిదో చెప్పు. ఐదు వందలకు పోయించి ముల్లు చూసి కట్టిన లెక్కయితే అది లెక్కే కాదు. ఎల్లారెడ్డిలో ఒకే బంకు పెట్టుకో, కుదిరితే ఒకే పంపు. ఫుల్ ట్యాంక్ కొట్టించు. నాజిల్ మొదటిసారి టక్కున ఆగితే అక్కడికి చాలు. చిల్లర సరిపోవాలని కుర్రాడు ఇంకో రెండుసార్లు నొక్కబోతే వద్దను. మీటర్ రీడింగు రాసుకో. ట్యాంకు సగానికి తగ్గాక అక్కడికే వెళ్లి మళ్లీ మొదటి కట్ దాకా పోయించు. తిరిగిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించు. ఇట్లా రెండు మూడు ట్యాంకులు చూశాక వచ్చే అంకెను నేను నమ్ముతా.

కంపెనీ చెప్పిన ఇరవై అబద్ధమనీ అనుకోకు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా కేంద్రాల్లో బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపి ఆ అంకె తీస్తారు. ఆ పరీక్షలో ఎక్కువలో ఎక్కువ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు 32 దగ్గర. ఏసీ ఆపే ఉంటుంది. లింగంపేట దారిలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు అక్కడ ఉండవు, ఊరికి రెండు చొప్పున స్పీడ్ బ్రేకర్లూ ఉండవు. రెండు కార్లను పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, నెల ఖర్చు కట్టుకోవడానికి పనికిరాదు. అందులో ఐదో వంతు తగ్గిందంటే నేనైతే బండిని అనుమానించను. మూడో వంతు పోయిందంటే మాత్రం వెతకాల్సిందే.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. చెరుకు నుంచే కాదు, మన మక్కలు, నూకల నుంచి కూడా తీస్తున్నారు. రైతుకు మంచిదే, కానీ లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. నీలాంటి పాత మోడల్ కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే రాశారు. అంటే ఇరవై ఇచ్చే బండికి ఒకటిన్నర దాకా అక్కడే పోతుంది. దానికి మెకానిక్ చేసేదేమీ లేదు. మైలేజీ పెంచుతామని సీసాల్లో అమ్మే మందులకు పైసా పెట్టకు.

ఇక నీ కాలు సంగతి. బస్సు డిపో గ్యారేజీలో నేను పనిచేసినన్నాళ్లూ డ్రైవర్ల కె.ఎం.పి.ఎల్. పట్టిక, అంటే ఎవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చారో, రాసేవాళ్లం. అదే బస్సు, అదే బాన్సువాడ రూటు, డ్రైవర్ మారితే అంకె మారేది. బాగా తెచ్చేవాళ్లు మెల్లగా నడిపేవాళ్లేం కాదు, టైముకే వచ్చేవాళ్లు. కాకపోతే ముందు ట్రాక్టర్ కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేవాళ్లు. మిగతావాళ్లు ట్రాక్టర్ తోక దాకా తొక్కి, అక్కడ బ్రేకు వేసేవాళ్లు. తొక్కేటప్పుడు కాలిన డీజిల్ అంతా బ్రేకు లైనర్ల దగ్గర వేడిగా పోయేది. హైదరాబాద్ పోయేటప్పుడు 44వ నంబర్ హైవే ఎక్కితే ఇంకో సంగతి. 80 మీద ఉన్న గాలి అడ్డు 100 మీద ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన క్యారియర్ ఉంటే ఇంకా ఎక్కువ. పెళ్లి సామాను మోయని రోజుల్లో ఆ క్యారియర్ విప్పేయి.

పిల్లల బడికి, కూరగాయలకు కారు తీస్తున్నావట. ఇంజన్ వేడెక్కేదాకా పెట్రోలు ఎక్కువున్న చిక్కటి మిశ్రమమే తాగుతుంది. రెండు కిలోమీటర్లకే ఆపి, గంటకు మళ్లీ స్టార్ట్ చేస్తే రోజంతా అదే తాగుడు. వాటికి స్కూటీ చాలు.

ఇవన్నీ సరిచేసినా పదమూడు దాటకపోతే అప్పుడు బండి వైపు చూద్దాం. నా మొదటి అనుమానం థర్మోస్టాట్ వాల్వ్ మీద. మన ఎండలకు ఇంజన్ వేడెక్కుతోందంటే కొందరు మెకానిక్‌లు అసలు రోగం వెతక్కుండా ఆ వాల్వే పీకేస్తారు. అప్పుడు నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటాయి, ఇంజన్ చల్లగానే ఉంటుంది. ఇంకా వేడెక్కలేదనుకుని ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఓనర్‌కు బండి మంచిగ నడుస్తున్నట్టే ఉంటుంది, జేబు ఒక్కటే ఖాళీ అవుతుంది. చేతులు మారిన కార్లలో ఇది మామూలే. అరగంట నడిపాక స్కానర్ పెట్టించి కూలెంట్ వేడి చూడు. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. 60 దగ్గరే తచ్చాడుతుంటే దొంగ దొరికినట్టే, వాల్వ్ ధర పెద్దది కాదు. స్కానర్ ఎట్లాగూ పెట్టారు కాబట్టి ఆక్సిజన్ సెన్సర్ కోడ్ ఏదైనా ఉందేమో అప్పుడే అడుగు.

రెండోది బ్రేకులు. లింగంపేట దాకా పోయి వచ్చి, ఆపగానే నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు, డిస్కును ముట్టుకోకు. ఏదో ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. 2025 ఆగస్టు వానలకు మన జిల్లా రోడ్లు కొట్టుకుపోయి జనం ఎంతెంత బురదలో తిరిగారో తెలుసు కదా. ఆ బురద బ్రేకు పిన్నుల్లో చేరితే ఇట్లాగే పట్టేస్తాయి.

టైర్ల మీది సైజు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీది సైజు ఒకటేనా చూడు. పాత ఓనర్ షోకుకు పెద్దవి వేయించి ఉంటే మీటర్ కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది, అప్పుడు నీ లెక్కే తప్పు. గాలి మాత్రం పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొట్టించు, ఆ స్టిక్కర్ మీద ఎంతుంటే అంత.

ఎయిర్ ఫిల్టర్ మార్చితే మైలేజీ పెరుగుతుందని అందరూ అంటారు. కార్బురేటర్ల కాలం మాట అది. ఇంజెక్షన్ బండ్లలో దుమ్ము పట్టిన ఫిల్టర్ ఊపు తగ్గిస్తుంది గానీ పెట్రోలు పెద్దగా తాగించదు. దుమ్ము ఇంజన్లోకి పోకుండా మార్చు, మైలేజీ కోసం కాదు.

రెండు ట్యాంకుల లెక్క, స్కానర్ చూపించిన వేడి రాసి పంపు. 80 దాటి ఉండి, చక్రాలు చల్లగా ఉండి, అప్పటికీ పదమూడే వస్తే బండి నా దగ్గరికి తోలుకురా. ప్లగ్గులు, కంప్రెషన్ నేనే చూస్తా.

ఇట్లు,
మీ మామ