పాశమైలారం పక్కన ఇల్లు తీసుకున్న బిడ్డకు



ఇస్నాపూర్‌లో రెండు గదుల ఇల్లు దొరికిందనీ, పాశమైలారంలో ట్రైనీగా చేరి అమ్మనూ తమ్ముణ్నీ తెచ్చుకుంటున్నావనీ తెలిసింది. అద్దె, నీళ్లు, బస్సు, ఈ మూడూ అందరూ చూసుకునేవే. పటాన్‌చెరు చుట్టుపక్కల కాపురం పెట్టేవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. గోడకవతల ఏముంది, అది అంటుకుంటే ఇంట్లోవాళ్లు ఎటు పోవాలి?

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఎండలు ముదిరాయంటే కార్చిచ్చు భయంతో పాస్‌పోర్టులు, మందులు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టుకుంటారు. సంగారెడ్డి జిల్లాలో ఇళ్లను చుట్టుకుని ఉన్నది అడవి కాదు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, ఎటు చూసినా రియాక్టర్లు, డ్రయ్యర్లు, సాల్వెంట్ డ్రమ్ములు. ఆ సంచి ఇక్కడి ఇంటికీ కావాలి. కాకపోతే అందులో పెట్టే కాగితాలు వేరు.

2025 జూన్ 30, సోమవారం. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మూడంతస్తుల భవనం కూలింది. 46 మంది చనిపోయినట్టు తేలింది. మరో 8 మంది ఆచూకీ దొరకలేదు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి, పక్క ఆంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే అందులో చాలామంది. అక్కడ తయారయ్యేది విషవాయువేమీ కాదు. మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే కలప గుజ్జు నుంచి తీసే తెల్లటి మెత్తని పొడి. మనం మింగే మాత్రల్లో మందును పట్టి ఉంచేది అదే.

పొడి పేలుతుందా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. కుప్పగా పోసిన పిండికి అగ్గిపుల్ల గీస్తే అంటుకోవడమే కష్టం. అదే పిండి గాలిలోకి లేచి, నాలుగు గోడల మధ్య మబ్బులా నిండి, దానికి ఒక్క నిప్పురవ్వ తగిలితే ప్రతి రేణువూ ఒకేసారి మండుతుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. దూలాల మీద, గొట్టాల మీద ఏళ్లుగా పేరుకున్న దుమ్మును అది లేపుతుంది. రెండోసారి మండేది ఆ దుమ్మే, కొంపలు కూల్చేదీ అదే. పనిలో చేరగానే పైకప్పు కింది గొట్టాలు చూడు. వాటి మీద వేలితో పేరు రాయగలిగేంత దుమ్ముంటే సూపర్‌వైజర్‌కు చెప్పాల్సిన మాటే. కొత్తగా వచ్చినదానివి నీకెందుకని అనేవాళ్లు అంటారు, అననీ.

సిగాచి పేలుడు జరిగిన వారం పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర కనిపించిన కష్టం మరొకటి. ఆ పూట షిఫ్టులో లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్కే వెంటనే తేలలేదు. ఫోన్‌లో ఫొటో పట్టుకుని గేటు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి గేటుకు తిరిగినవాళ్లున్నారు. చాలా శరీరాలను డీఎన్ఏ పరీక్షతోనే గుర్తుపట్టాల్సి వచ్చింది. అందుకే సంచిలో మొదట పడాల్సింది ఒక తెల్లకాగితం. పనికి పోయేవాళ్ల పేరు, కంపెనీ, యూనిట్, ఏ బ్లాకు, ఈ వారం ఏ షిఫ్టు, కాంట్రాక్టర్ కింద పనైతే అతని పేరూ ఫోన్ నంబరూ. దానికి గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు జిరాక్సులు, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో జతచేయాలి. షిఫ్టు మారినప్పుడల్లా కాగితం మీద కొట్టేసి కొత్తది రాయాలి. తెలుగు రాని పక్క గది ఒడిశా పిల్లలకు కూడా ఒకటి రాసిపెడితే పుణ్యం.

సైరన్ మోగితే లేద్దాంలే అనుకుంటారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్‌ఆర్ వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు హెచ్చరిక సైరన్ మోగలేదు. 12 మంది పోయారు. 2023 ఆగస్టు 8న హవాయిలోని లహైనా పట్టణాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడూ అంతే, ఆ దీవిలో సైరన్లున్నాయి, మోగించలేదు. మోగిస్తే జనం సునామీ అనుకుని కొండవైపు, అంటే మంటలవైపే పరుగెత్తుతారని భయపడ్డామని అక్కడి అధికారి తర్వాత చెప్పాడు. ఆ మాటలో ఎంత నిజముందో గానీ, ఏ కూత దేనికో జనానికి ముందే చెప్పి ఉండాల్సిందన్నది మాత్రం నిజం. పాశమైలారంలో షిఫ్టు కూతలూ ఉంటాయి. ఏది షిఫ్టు కూత, ఏది ప్రమాదపు కూత అన్నది మొదటి వారంలోనే అడిగి తెలుసుకుని అమ్మకు చెప్పాలి.

ఇక గాలి. వానాకాలంలో ఇక్కడ గాలి పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. అంటే జులైలో గాలివాటుకు ఎదురుగా ఉండి క్షేమమనుకున్న ఇల్లు డిసెంబర్‌లో పొగ కిందికి రావచ్చు. దండెం మీద చీర ఎటు ఊగుతోందో చూస్తే చాలు. గాలి మోసుకొచ్చే దారికి అడ్డంగా, పక్కకు తప్పుకోవాలి. గాలితోపాటు పరుగెత్తితే వాయువు వెంటే వస్తుంది. చలికాలం రాత్రిళ్లు నేల చల్లబడి గాలి కదలక వాసన కిందే పేరుకుంటుంది, ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముక్కు మూసుకునేది ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే. స్టైరీన్, క్లోరిన్, సాల్వెంట్ ఆవిర్లు గాలికన్నా బరువైనవి. పల్లంలోకి, కాలువల్లోకి, కింది గదుల్లోకి దిగుతాయి.

పోయే వ్యవధి లేకపోతే ఇంట్లోనే ఉండాలి, వీలైతే పై అంతస్తులో, కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి. అందరూ మరిచిపోయేది కూలర్. బయటి గాలిని లాగి మంచం మీదికి కొట్టడమే దాని పని! ముందు అది కట్టేయాలి, తర్వాత వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్. మూతికి కట్టుకునే తడిగుడ్డ అమోనియా, క్లోరిన్ లాంటివాటిని కొంత ఆపుతుంది, సాల్వెంట్ ఆవిరిని ఆపదు. దాన్ని నమ్ముకుని బయట తిరగకూడదు.

తమ్ముడికి మాత్రం ఒక సంగతి గట్టిగా చెప్పు. మంట కనిపిస్తే కిటికీ దగ్గర నిలబడి వీడియో తీయకూడదు. 2020 ఆగస్టు 4న బేరూత్ ఓడరేవులో ముందు పొగ లేచింది. జనం కిటికీలకు, బాల్కనీలకు చేరి చూస్తుండగా గోదాములోని అమ్మోనియం నైట్రేట్ పేలింది. 200 మందికి పైగా చనిపోయారు, వేలమందికి గాయాలయ్యాయి. అద్దాలు పగిలి గుచ్చుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ఇంటికి కావాల్సిన సామానులోనే ఒక ప్రమాదముంది. రోడ్డు పక్క తుక్కు దుకాణాల్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు చవగ్గా అమ్ముతారు, నీళ్లకు బాగుంటాయని జనం కొంటారు. లోపల ఏం పోసి ఉంచారో లేబుల్ చింపేశాక ఎవరికి తెలుసు? ఇనుప డ్రమ్ము సంగతి ఇంకా ఘోరం. అడుగున చెంచాడు సాల్వెంట్ మిగిలినా చాలు, ఆవిరి డ్రమ్మంతా నిండుతుంది, మూత కోయడానికి గ్రైండర్ పెట్టగానే పేలుతుంది. కొత్త డ్రమ్మే కొనండి. నాలుగొందలు మిగిలితే ఎంత, పోతే ఎంత.

ఇవన్నీ ఇంటివాళ్ల పనులు. కంపెనీ పని కంపెనీదే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం పెద్ద ఎత్తున అలాంటివి నిల్వచేసే ఫ్యాక్టరీ, ప్రమాదం వస్తే దెబ్బతినే చుట్టుపక్కల జనానికి ఆ ప్రమాదమేమిటో, అప్పుడు ఏం చేయాలో చెప్పి తీరాలి. అడిగేవాళ్లు లేక ఆ కాగితాలు బీరువాల్లోనే ఉంటున్నాయి. మీ వీధిలో పదిమంది సంతకాలతో కలెక్టర్ పేర ఒక దరఖాస్తు రాయండి, గోడకవతల నిల్వ ఉన్నదేమిటి, కూత మోగితే మా వీధి ఎటు పోవాలి అని. రాసిచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు కూడా ఆ సంచిలోనే పెట్టు. చిత్తుప్రతి ముందు ఇటు పంపిస్తే దిద్ది పంపుతాను.

అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు
మీ పెద్దనాయన